కప్పు లేని ఇంట్లో కావా

"ఇక దిగవయ్యా. వంటింటి మీద రేకులన్నా ఉండనీ" అంది ధన్‌మతి, కింద నిచ్చెన పట్టుకుని.

"ఒక్కటీ ఉంచను. ఒక్క మేకు కూడా ఉంచను" అన్నాడు బిసేసర్ పైనుంచి. "మా నాన్న చెరకు నరికి నరికి కొన్న రేకులివి. వాళ్ళ కోళ్ళగూటికి వదిలేసి పోవాలా?"

ఫిజీలో ఆ ఏడు లీజు తీరిన చెరకు రైతులందరూ చేస్తున్న పనే బిసేసరూ చేస్తున్నాడు. భూమి అక్కడి మూలవాసి సెరేమాయా వాళ్ళ వంశానిది, ఇల్లు బిసేసర్‌ది. రెండోసారి రాసుకున్న ముప్పై ఏళ్ళ గడువు నిన్న శుక్రవారంతో అయిపోయింది. మళ్ళీ ఇస్తామని అటునుంచి కబురు రాలేదు. ఇస్తారా అని ఇతను వెళ్ళి అడగలేదు. అడిగితే లేదంటారేమోనని భయం. ఆ భయానికి పౌరుషమని పేరు పెట్టుకుని ఆరు నెలలుగా తిరుగుతున్నాడు.

చివరి రేకు ఊడింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఆ ఇంటి నట్టింట్లో ఎండ పడటం చూశాడు బిసేసర్. తను పుట్టిన గది, తల్లి కన్నుమూసిన గది, రెండూ పైనుంచి అగ్గిపెట్టెలంత కనిపించాయి. దూలం మీద కూర్చుని కాసేపు దాన్ని నిమిరాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు గానీ, ధన్‌మతి చూసింది.

మూటలన్నీ వరండాలో ఉన్నాయి. ఎనిమిదింటికి రావలసిన లారీ పది దాటినా రాలేదు.

"నసినూ పట్నంలో మీ తమ్ముడి పెరట్లో రెండు గదులున్నాయిగా. మనిద్దరికీ చాలు" అన్నాడు.

"గదులు రెండే. దోమలు మాత్రం రెండు లక్షలు" అంది ధన్‌మతి కళ్ళు తుడుచుకుంటూ. "సరే, పోక తప్పదు. ముందు ఆ కావా కట్ట పట్టుకెళ్ళి సెరేమాయా దగ్గర సెలవు పుచ్చుకుని రా. చెప్పకుండా పోయారన్న మాట మనకొద్దు."

దంచి నీళ్ళలో కలుపుకు తాగే కావా వేళ్ళ కట్ట న్యూస్‌పేపర్లో చుట్టి, రిబ్బను కట్టి నిన్నటినుంచీ గుమ్మం పక్కనే ఉంది. పట్టుకెళ్ళడానికే కాళ్ళు రావడం లేదు.

వెళ్ళే పని లేకపోయింది. చెరకు చేల మధ్య దారిలో సెరేమాయాయే వస్తున్నాడు. లుంగీలాంటి నల్ల సులు కట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక తమ వంశం పెద్దలిద్దరిని వెంటబెట్టుకుని మరీ వస్తున్నాడు.

"ఖాళీ చేయించడానికే" అన్నాడు బిసేసర్ నిచ్చెన దిగుతూ. "ఒక్కపూట ఆగలేకపోయారు చూడు."

ధన్‌మతి నట్టింట్లో చాప పరిచింది. నడినెత్తిన ఎండ పడుతున్నా వచ్చినవాళ్ళు ముగ్గురూ తల ఎత్తి పైకి చూడలేదు. బడికెళ్ళే రోజులనుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకునే బిసేసర్, సెరేమాయా ఇవాళ ఆ పిలుపే మర్చిపోయినట్టు కూర్చున్నారు.

బిసేసర్ తన కట్ట తెచ్చి చాప మీద పెట్టాడు. అతను చెయ్యి తీసేలోపే సెరేమాయా కూడా తనతో తెచ్చిన కట్ట ఎదురుగా పెట్టాడు. అది దీనికి రెట్టింపుంది.

ఇద్దరూ ఆగిపోయారు. కావా పెట్టినవాడు అడిగేవాడు. ఎదుటివాడు విని, దోసిలి గుల్లగా పట్టి మూడు చప్పట్లు చరిచి పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాక ఆ మాటకిక తిరుగులేదు. ఇద్దరూ అడిగేవాళ్ళే అయితే ముందెవరు నోరు విప్పాలో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు.

బిసేసర్ గొంతు సవరించుకున్నాడు. "మేం..."

ధన్‌మతి అతని నడుం దగ్గర గట్టిగా గిల్లింది. "ఇంటికొచ్చినవాళ్ళని ముందు చెప్పనీయవయ్యా."

సెరేమాయా చాప వైపే చూస్తూ చెప్పాడు. "ఆలస్యం మాదే. మావాళ్ళందరినీ ఒక్క మాట మీదకి తేవడానికి ఆరు నెలలు పట్టింది. ఆఖరివాడు నిన్న సాయంత్రం ఒప్పుకున్నాడు. ఇంకో ముప్పై ఏళ్ళు ఈ నేల మీదే ఉండండి. మీ ఆవిడ రోటీ చేతిలో పెట్టకపోతే మా మనవలు బడికి కదలరు. పోవద్దని అడగడానికి వచ్చాం."

బిసేసర్‌కి చేతులు లేవలేదు.

"చప్పట్లు చరువు" అంది ధన్‌మతి చెవిలో.

చరిచాడు. మూడు చాలు, అతను ఎన్ని చరిచాడో లెక్కలేదు. ఆరు నెలలుగా గుండెల మీద కూర్చున్న బండ ఆ చప్పుడుకి దిగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

"నా మాట అయింది" అన్నాడు సెరేమాయా. "ఇప్పుడు నీది చెప్పు. ఏం అడుగుదామని ఈ కట్ట పెట్టావు?" అప్పుడు మొదటిసారి మెల్లిగా తలెత్తి ఆకాశం వైపు చూశాడు. "ఇంతకీ ఈ కప్పేమైంది, బావా?"

బిసేసర్ కట్ట వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ చాప మీద పోతున్న చీమని దీక్షగా చూస్తోంది.

"కారుతోంది బావా. వానల్లోపు రేకులు తిరగేసి వేసుకుందామని విప్పాను. నీ మనుషుల్ని ఓ నలుగురిని సాయం పంపమని అడుగుదామని..."

"మరి వరండాలో ఆ మూటలు?"

"దుమ్ము పడుతుందని కట్టాం, అన్నయ్యా" అంది ధన్‌మతి.

సెరేమాయా పెద్దమనిషి తరహాగా మూడు చప్పట్లు చరిచి కట్ట పుచ్చుకున్నాడు.

"నలుగురేం సరిపోతారు బావా, ఆరుగురిని పంపిస్తా. పొద్దున్నించీ వంతెన మీద మీ లారీకి అడ్డంగా కూర్చున్నవాళ్ళకి ఇప్పుడిక పనేముంది?"