తాళం పడిన వాచీ

"ఎవరో కొని, నచ్చక తిప్పి పంపింది. ఒక్క గీత కూడా లేదు" అని ఆన్‌లైన్‌లో రాసి, సగం ధరకే నాకు అమ్మాడొకడు ఆ స్మార్ట్ వాచీని. తీరా ఆన్ చేస్తే పాత ఓనరు పాస్‌వర్డ్ అడిగింది. కింద ఓ ఫోన్ నంబరు కనిపించింది.

మా ఆవిడ కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. "చవగ్గా వస్తోందని ఎగబడ్డారుగా! ఊరికే కట్టుకు తిరగండి. టైమెంతో పక్కవాళ్లు చెప్తార్లే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది.

"ఏమ్మా, వాచీ తిప్పి పంపేటప్పుడు పాస్‌వర్డ్ తీసెయ్యాలని తెలీదా? నా డబ్బేమన్నా చెట్లకి కాస్తోందా?"

నాకింకా మండింది. "బెల్లం కొట్టిన రాయిలా మాట్లాడవేం?"

"తిప్పి పంపడమేంటి?" గొంతు చీలేలా అరిచిందా అమ్మాయి. "ఆ వాచీ పెట్టుకునే మా నాన్న పనికెళ్లాడు. నెలైంది, ఇంటికి రాలేదు. అది దొరికినవాళ్లు ఫోన్ చేస్తారని ఆ నంబరు పెట్టింది నేనే. పాస్‌వర్డేగా, చెప్తాను. ముందు మా నాన్నెక్కడో చెప్పు!"