పదిహేడో వర్గం

ఉద్యోగం పోయినవాడి ఉసురు యంత్రానికి తగిలిందన్న మాటను ఆ ఆసుపత్రిలో నమ్మనివారు లేరు. కంప్యూటర్ విభాగంలో కొత్తవారు చేరిన వారంలోపే ఫైర్‌వాల్‌లోని పదిహేడో వర్గం మాయమవుతుంది. మొదటిసారి మాయమైనప్పుడు పాత ఇంజనీరును ఇంటికి పంపారు. ఆయన వెళ్లాక మరో రెండుసార్లు పోయింది. కొత్త ముఖాలంటే ఆయనకు గిట్టదని, పోతూపోతూ లోపల ఏదో పెట్టిపోయాడని కొందరు అనేవారు. పెట్టడం దేనికి, ఆయన ఏడుపు చాలదా అని మిగిలినవారు అనేవారు.

"అయితే ఈ వారం నాకు గండమేనన్నమాట!" అంది కొత్తమ్మాయి నవ్వుతూ. ఆమె చేరి రెండు గంటలైంది.

"గాలిమాటలు తర్వాత వినొచ్చు. ముందు మాన్యువల్ పట్టు," అంది అక్క.

విభాగంలో అందరికీ ఆమె అక్కే. అక్కడి మాన్యువల్స్ అన్నీ రాసేది ఆమే. ఫైర్‌వాల్ కాపలా వల్ల వార్డుల్లోని కంప్యూటర్లలో అనుమతి ఉన్న సైట్లు మాత్రమే తెరుచుకుంటాయి. వాటిని వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గానికి ఒక సంఖ్య ఇచ్చారు. అక్కరలేని వర్గాలను తొలగించే సాధనం ఒకటుంది. దానికి ఆమె రెండేళ్ల కిందట మాన్యువల్ రాసింది. పన్నెండు మెట్లు, మెట్టు మెట్టుకూ ఉదాహరణ. ఇంత విడమరిచి రాసినవారు లేరని విభాగం పెద్దసారు నలుగురిలో మెచ్చుకున్నాడు. కొత్తగా చేరినవారు ముందు దాన్ని చూస్తూ ఆ సాధనం మీదే చేయి అలవాటు చేసుకోవాలి.

"ఉన్నది ఉన్నట్టే కొట్టాలా, అక్కా?"

"మార్చకు. సొంత తెలివి చూపించినవాళ్లే ఇక్కడ కొంపలు ముంచారు."

కొత్తమ్మాయి పెన్సిలు తీసి, పూర్తయిన మెట్టు పక్కన టిక్కు పెట్టుకుంటూ పనిలో పడింది.

అప్పుడే పాత ఇంజనీరు లోపలికి వచ్చాడు. ఆయన అక్కకు స్వయానా పిన్ని భర్త. ఆమెకు ఫైర్‌వాల్ అంటే ఏమిటో నేర్పింది ఆయనే. మాన్యువల్ రాయడానికి కూర్చున్ననాడు, "చదివేవాడు ఆలోచించడమ్మా, చెప్పింది చేస్తాడు. అది గుర్తుంచుకో," అన్నదీ ఆయనే.

"పదకొండింటికి అప్పీలు కమిటీ, తల్లీ. ఇదే ఆఖరు. ఆ సాధనాన్ని విభాగంలో ఎవరైనా నడపగలరని ఒక్క ముక్క రాసివ్వు."

"విచారణలో నేను చెప్పాల్సింది చెప్పేశాను కదా, బాబాయ్."

"'ఆయనొక్కడికే దాని లోతు తెలుసు' అని నా గురించి చెప్పావు. నిజమే. కానీ లోతు తెలియనివాళ్లు దిగలేరని ఎందుకనుకున్నావు? పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. ఎవరు తొలగించారో చిట్టాలో పేరు పడదు."

"ఆ పాప పోయింది, బాబాయ్."

పదిహేడో వర్గమంటే విషాలు, వాటి విరుగుళ్ల గురించి చెప్పే సైట్లు. మొదటిసారి అది మాయమైన రోజున ఎమర్జెన్సీకి నాలుగేళ్ల పాపను తెచ్చారు. ఏదో ద్రావకం తాగింది. డాక్టరు ఎదుట తెర 'అనుమతి లేదు' అంది. అక్కడికీ ఇక్కడికీ ఫోన్లు చేసి విరుగుడు కనుక్కునేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. పాప దక్కలేదు. వర్గాన్ని మాత్రం పాత నకలులోంచి తెచ్చి, అదే సంఖ్యతో మళ్లీ నిలబెట్టారు.

"మీ పిన్ని బజారుకు పోవడం మానేసింది. పసిదాన్ని చంపినవాడి పెళ్లామని వెనకాల అంటున్నారట. ఉద్యోగం నాకొద్దు. ఆ మాట పోతే చాలు."

ఆమె మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అయినా పెన్ను ముట్టలేదు. "తెలిసి తెలిసి అబద్ధం రాయలేను."

పెద్దసారు గది తలుపులోంచి తొంగిచూశాడు. "ఏమయ్యా, మళ్లీ దిగావా? కీబోర్డుకు దూరంగా కూర్చో!"

"కూర్చున్నా సార్. ఇవిగో చేతులు. మీ కళ్లముందే ఉంటాయి." ఆయన రెండు అరచేతులూ బల్లమీద వెల్లకిలా పరిచాడు.

"ఎనిమిదో మెట్టూ అయిందక్కా!" అంది కొత్తమ్మాయి హుషారుగా.

కాసేపటికి ఫోను మోగింది. పెద్దసారు తీశాడు. గంటకోసారి విషాల పేజీ తెరిచి చూసుకోవడం ఎమర్జెన్సీ నర్సుకు అలవాటైపోయింది. ఆ పేజీ ఇప్పుడు తెరుచుకోవడం లేదట.

"చూశారా? గుమ్మం తొక్కాడో లేదో, పోయింది!" పెద్దసారు ఫోను ఠప్పున పెట్టేశాడు. "ఇంకేం సాక్ష్యం కావాలి? పద, ఈ ముక్క కమిటీకి నేనే చెబుతాను."

అరచేతులు బల్లమీదే ఉన్నాయి. అవి కదలకపోవడం అక్క కళ్లారా చూసింది.

"నువ్వు చూశావు కదమ్మా?" అన్నాడాయన.

ఆమె చూపు తిప్పుకుంది. ఆయన బల్లమీంచి చేతులు తీసుకుని, పెద్దసారు వెంట వెళ్లిపోయాడు.

"నేనేమైనా తప్పు చేశానా అక్కా? మీరు రాసినట్టే చేశాను," అంది కొత్తమ్మాయి, బిక్కమొహంతో మాన్యువల్ ముందుకు తోస్తూ.

రాసిన తర్వాత ఆమె ఆ పేజీని చదవడం అదే మొదటిసారి. పెన్సిలు టిక్కులు వరసగా దిగి ఎనిమిదో మెట్టు దగ్గర ఆగాయి.

అక్కడి ఉదాహరణలో ఆమె వేసిన సంఖ్య పదిహేడు.