సొరంగం దాటాక

అహ్వాజ్ వెళ్ళే రైలు లొరెస్తాన్ కొండల్లోకి దూరిందో లేదో, మాహ్‌రుఖ్‌కి నొప్పులు మొదలయ్యాయి.

ఇంకా నెల గడువుంది.

"డాక్టరెవరైనా ఉన్నారా?" టీసీ పెట్టె పెట్టెకీ పరిగెత్తి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

టెహ్రాన్ నుంచి నోరు విప్పకుండా మూల సీట్లో కూర్చున్న అరబ్బు ఆడమనిషి లేచింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొచ్చింది.

మాహ్‌రుఖ్ అత్తగారు తూబా అడ్డం నిలబడింది.

"మిడతలు తినే అరబ్బుల చేతికా నా కోడల్ని ఇచ్చేది?"

"ఈ ఏడాది మిడతలు కూడా దొరకలేదమ్మా. పక్కకి జరుగు."

"నీ ఫార్సీ సగం అర్థమై చావదు."

"లోపలున్నదానికి నీ భాషా రాదు, నా భాషా రాదు. ముందు బయటికి రానీ."

"ఇంతకీ మీరు సున్నీలా?"

మాహ్‌రుఖ్, షియాలు ఆపదలో తలుచుకునే తల్లిని, "యా జహ్రా" అని కేకేసి పిలిచింది.

అదే క్షణంలో ఆవిడ నోటినుంచీ "యా జహ్రా" అనే వచ్చింది.

తూబా పక్కకి జరిగింది.

రైలు సొరంగంలో దూరింది. దీపాలు ఆరిపోయాయి. ఎవరో ఫోను వెలిగించి పట్టుకున్నారు.

"తొయ్యి తల్లీ. నా చెయ్యి విరిగినా ఫర్వాలేదు, గట్టిగా పట్టుకో."

నడవా అంతా జనం.

"తల కనిపిస్తోందట." మాట పెట్టె చివరిదాకా పాకింది.

బిడ్డ వచ్చింది. ఏడవలేదు.

ఆవిడ వేలితో నోరు తుడిచింది. వీపు రుద్దింది. రుద్దుతూనే ఉంది. అరబ్బీలో ఏదో బతిమాలుతోంది. ఆ మాటలు ఎవరికీ తెలియవు, అర్థం మాత్రం అందరికీ తెలిసింది.

సొరంగం దాటింది. ఎండ పడింది.

పాప కెవ్వుమంది.

పెట్టంతా ఈలలు, చప్పట్లు. మిఠాయి డబ్బాలు చేతులు మారాయి. తూబా ఆవిడ రెండు బుగ్గలూ ముద్దాడింది. ఆవిడ మాత్రం పాప పాదాలు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అందిమెష్క్ స్టేషన్లో తల్లీబిడ్డల్ని స్ట్రెచర్ మీదికి దించే సందడిలో తూబా ఆవిడ సంగతే మరిచిపోయింది. గుర్తొచ్చి చూస్తే సీటు ఖాళీ.

ప్లాట్‌ఫారం మీద పరిగెత్తింది. ఆవిడ అప్పటికే గేటు దాటేస్తోంది. ఆవిడ వెనకాలే సంచి మోసుకెళ్తున్న నడివయసు మనిషిని తూబా పట్టుకుని ఆపింది.

"బాబూ, ఆ మంత్రసాని పేరేంటి? మా మనవరాలికి పెట్టుకుంటాం."

"మా అక్క మంత్రసాని కాదమ్మా," అన్నాడతను. "మొన్న టెహ్రాన్‌లో కాన్పు కష్టమై కూతురూ బిడ్డా పోతే, ఇద్దర్నీ మట్టిచేసి వస్తోంది."