మేకలు విప్పినవాడు

అమావాస్యనాడు మన బావిలోకి రాయి కట్టిన దారం దించుతున్న పరాయివాణ్ని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

పోశమ్మకూ అదే అనిపించింది.

"ఎవడ్రా నువ్వు? మా బాయిల ఏం మంత్రం పెడుతున్నవ్?"

భూపాలపల్లి దగ్గరి ఆ ఊళ్లో పోశమ్మ నోటికి జడవనివాడు లేడు. అతను మాత్రం దారం పైకి లాగి, తడిసినంత మేర కొలిచి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. యాభై దాటిన మనిషి. మాసిన గడ్డం, చంకలో గుడ్డసంచి.

"మంత్రం కాదక్కా. నాది జనగామ. ఐలయ్యంటరు. నిన్నటికీ ఇయ్యాల్టికీ నీళ్లెంత ఎక్కినయో చూస్తున్న."

"వాన లేకుంట నీళ్లెట్ల ఎక్కుతయ్?"

"అమావాస్యకు సూర్యుడు, చంద్రుడు ఒక్క దిక్కు చేరి గుంజుతరు. సముద్రానికి పోటొస్తది సూడు, భూమి గూడ గట్లనే జరంత ఉబ్బుతది. లోపట పగులుంటే కదులుతది."

పోశమ్మ కొడుకు నగేశ్ పకపకా నవ్వాడు.

"సముద్రం యాడున్నది, మనం యాడున్నం పెద్దమనిషీ? అయినా మా ఇల్లు దినాం కదులుడే. బొగ్గుబాయి బ్లాస్టింగుకు గిన్నెలు ఎగిరి దుంకుతయ్."

ఐలయ్య నవ్వలేదు. మట్టిగోడల వంక, పెంకుల కప్పు వంక చూశాడు. లోపల మంచం మీద కోడలు రజిత, పక్కన పన్నెండు రోజుల పసిగుడ్డు.

"రేపు పొద్దుగాల తల్లినీ బిడ్డనూ జర బయట ఉంచుండ్రి. ఒక్క పూట."

"బాలింతనా? గింత చలిలనా?" పోశమ్మ చీపురు అందుకుంది. "కదులుతదని నిక్కమేనా?"

"నిక్కం కాదక్కా. శానసార్లు తప్పింది."

"తప్పిందట! నడువ్ నడువ్!"

తెల్లవారింది. పొయ్యి మీద చాయ్ ఇంకా మరగనే లేదు, దొడ్లో మేకలు ఒక్కసారిగా అరిచాయి. పోశమ్మ తొంగిచూసేసరికి ఐలయ్య ఆఖరి మేక పలుపు విప్పుతున్నాడు.

"మేకల దొంగ! నగేశా, పట్టురా!"

మంచం మీది రజిత తప్ప వాడకట్టంతా బయటికి ఉరికింది. నగేశ్ చేతికి దొరికిన కట్టెతో దొరికినచోటల్లా బాదాడు.

"ఉరుకడేందిరా వీడు?" అన్నారెవరో.

నిజమే. అతను పారిపోలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. కొట్టేవాళ్లను కూడా చూడటం లేదు. అతని చూపంతా ఆ ఇంటి గడప మీదే ఉంది.

"కొట్టకుండ్రి! సచ్చిపోతడు!"

ఆ దెబ్బలు వినలేక రజిత బిడ్డనెత్తుకుని వాకిట్లోకి వచ్చేసింది.

ఐలయ్య పగిలిన పెదవితో నవ్వాడు.

"బాలింతవు, నువ్వెందుకొచ్చినవే?" అని పోశమ్మ కోడలి మీద లేచింది. అంతలో నేల కింద ఏదో గుర్రుమంది.

"ఇంత పొద్దుగాల బ్లాస్టింగేంది..."

నగేశ్ మాట పూర్తి కానేలేదు. కాళ్ల కింద నేల చాటలో బియ్యంలా కదిలింది. దూలం ఫెళ్లుమంది. గోడా పెంకులూ కలిసి మంచం మీద కూలాయి.

దుమ్ము అణిగింది. మంచం కోడు ఒక్కటే పైకి కనిపిస్తోంది.

పోశమ్మ కోడలి దగ్గరికి ఉరికింది. బిడ్డను తడిమింది. కోడలిని తడిమింది. అప్పుడు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

ఐలయ్య లేడు. మొరం మీద నాలుగు నెత్తురు చుక్కలు, గుడ్డసంచి.

నగేశ్ బస్టాండు దాకా ఉరికి వెతికాడు. ఎవరూ చూడలేదన్నారు. తిరిగి వచ్చి, సంచిలోని నోటుపుస్తకం తెరిచాడు. సూర్యుడివి, చంద్రుడివి, బందరు సముద్రం పోటువి లెక్కలు. వాటి కింద ఊళ్ల పేర్లు.

"తరిగొప్పుల. కోళ్లను వదిలిన. కొట్టిండ్రు. భూమి కదలలేదు. మంచిదైంది."

"నెల్లికుదురు. బర్లను విప్పిన. కొట్టిండ్రు. కదలలేదు. మంచిదైంది."

"నర్సింహులపేట. కొట్టిండ్రు. మంచిదైంది."

అట్లా పద్దెనిమిది ఊళ్లు.

"ఎవరు బిడ్డా ఆయన?" అంది పోశమ్మ. "మొదటి కాయితం సదువు."

నగేశ్ వెనక్కి తిప్పి చదివాడు: "లాతూరు దిక్కు పనికి పోయినం, భూకంపం వచ్చిననాడు ఇంట్ల ఏడుగురం పండుకున్నం, మేకలు తెంపుకున్నయని నేనొక్కన్నే బయటికి పోయిన."