నాలుగో వరుస

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ముందుగదిలో లాప్‌టాప్ ముందు అక్క, వంటింట్లో బీన్సుకు ఈనెలు తీస్తున్న బావ, వెనకగదిలో మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటున్న బావ వాళ్ళమ్మ, మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయిన చెల్లెలు. లాప్‌టాప్ లోపల ఇంకో ఇద్దరున్నారు గానీ వాళ్ళు ఇంటి లెక్కలోకి రారు. ఒకరు అక్క మేనేజరు, ఇంకొకరు మాష్టారు.

మాష్టారు నిజంగానే ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పినాయన. నలభై ఐదో ఏట ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని అక్క టీములో చేరాడు. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ ఆరు నెలలూ ఆ రోజుతో నిండుతాయి.

పదిన్నరకు కస్టమరుకు చూపించాల్సిన పేజీ తెరుచుకోవడం లేదు. అక్క నడిపించినప్పుడల్లా నల్లటి తెర మీద ఎర్ర అక్షరాలు జలజలా రాలుతున్నాయి.

"నిన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. సాయంత్రం మాష్టారు మార్పులు పంపారు. వాటివల్లే అయ్యుంటుంది," అంది అక్క.

"నా దగ్గర నడుస్తోందమ్మా," అన్నాడు మాష్టారు.

"మీ దగ్గర నడిస్తే ఏం లాభమండీ? కస్టమరు మీ ఇంటికొచ్చి చూడడుగా," అన్నాడు మేనేజరు.

చెల్లెలు అక్క భుజం మీదుగా ఆ ఎర్ర అక్షరాలు చదివింది. మొదటి మూడు వరుసలూ ఏవో అంకెలూ గీతలూ. నాలుగో వరుసలో మాత్రం తేటతెల్లంగా ఉంది: ఈ ప్రాజెక్టుకు కావలసింది నోడ్ పదహారు, ఇక్కడున్నది ఇరవై రెండు.

ఆ ఇరవై రెండు తనకు తెలుసు.

నోడ్ అంటే ఈ ప్రోగ్రాములన్నిటినీ నడిపే ఇంజను. పొద్దున ఆరింటికి, అక్క లేవకముందు, దాన్ని మార్చింది తనే. తన ఆన్‌లైన్ పాఠానికి కొత్తది కావాలంటే ఎక్కించేసింది. కొత్తది వచ్చి కూర్చుంటే పాతది లేచి వెళ్ళిపోతుందని తెలియదు. రెండింటినీ పక్కపక్కన ఉంచుకునే ఉపాయం ఆ పాఠంలోనే తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ దాకా తను చదవలేదు.

చెప్పేద్దామనే నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుంది. అసలు ఆఫీసు లాప్‌టాప్ ఇంకొకరు ముట్టుకోకూడదు. ముద్దుకొద్దీ, రోజూ పొద్దున గంటసేపు అక్క ఇస్తోంది, అంతే. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"ఏం పిచ్చుకా, ఆ నీళ్ళు మీ అక్కకా, గుమ్మానికా?" అని వంటింట్లోంచి బావ అడిగాడు. ఆ పిల్ల గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ గుమ్మంలోకే వచ్చేసింది.

అక్క ఎర్ర అక్షరాలను మళ్ళీ మొదటినుంచీ చూసుకుంటూ వచ్చింది. నాలుగో వరుస దగ్గర ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. చెల్లెలి గుండె కూడా ఆగింది. తర్వాత వేలు కదిలి కిందికి వెళ్ళిపోయింది. హమ్మయ్య, చూడలేదు అనుకుంది చెల్లెలు. అలా అనుకున్నందుకు చెవులదాకా వేడెక్కి తలదించుకుంది.

అవతల మాష్టారు గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదేనండీ. లేటు వయసులో నేర్చిన విద్య. ఏదో మర్చిపోయుంటాను."

పోయిన ఆదివారం ఇదే మాష్టారు ఫోనులో అరగంటసేపు చెల్లెలికి ఆ ఆన్‌లైన్ పాఠం విడమరిచి చెప్పాడు. నాకు బుర్ర లేదండీ అని తనంటే, అర్థం కాలేదంటే అది వినేవాళ్ళ తప్పు కాదమ్మా, చెప్పేవాడి తప్పు అన్నాడు. ఎవరి తప్పయినా నెత్తినేసుకోవడం ఆయనకు అలవాటేమో.

మేనేజరు కస్టమరుకు రేపు చూపిస్తామని చెప్పుకున్నాడు. మాష్టారితో మాత్రం నాలుగింటికి విడిగా మాట్లాడతానన్నాడు. విడిగా అంటే ఏమిటో అందరికీ తెలుసు. అక్క పోనీలెండి అని ఏదో గొణిగి, నీళ్ళు తాగకుండానే లాప్‌టాప్ పట్టుకుని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం అక్క భోజనానికి రాలేదు. ఆఫీసు మంట అన్నం మీద చూపించకూడదని అత్తగారు విసుక్కుంది. చెల్లెలు నాలుగు ముద్దలు తిన్నాననిపించి లేచింది. గడియారం చూస్తూ, చెప్పాల్సిన మాట వందసార్లు లోపల అప్పజెప్పుకుని, నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా తలుపు తట్టింది.

అక్క జానెడు తలుపు తీసింది.

"అక్కా, మాష్టారిది తప్పు కాదు. పొద్దున నోడ్ వెర్షన్ మార్చింది నేనే. పాతది మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. మేనేజరుకు ఫోన్ చెయ్యక్కా, ఆయన ఉద్యోగం పోతుంది."

అక్క తలుపు పట్టుకునే ఉంది.

"కావాలంటే నేను చెప్తాను. నువ్వు తెలియక ఆయన పేరు చెప్పావు కదా. ఇప్పుడు తెలిసింది కదా."

అక్క వెనక, మంచం మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. పొద్దున తెరుచుకోనన్న పేజీ అందులో రంగురంగులుగా, చక్కగా తెరుచుకుని ఉంది.

"తప్పు నాదేనండీ అన్నాడు చూడు ఆయన," అంది అక్క, చెల్లెలి మొహం చూడకుండా, "నాకు దానికి ముందే తెలిసింది," అని తలుపు వేసేసింది.