లిఫ్టులో మేటి పది

లిఫ్టు మూడో అంతస్తు దాటి, నాలుగోది చేరకుండా ఆగిపోయింది. లోపల ఇద్దరే ఉన్నారు. అబ్బాయి తల్లి టీచరమ్మ, అమ్మాయి తల్లి నర్సమ్మ. వియ్యపురాళ్ళు. ఎనిమిది నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

నర్సమ్మ గోడకున్న ఎర్ర బటన్ నొక్కింది. స్పీకర్లోంచి వాచ్‌మన్ గొంతు వినబడింది.

“మెకానిక్ దారిలో ఉన్నాడమ్మా. లైటూ ఫ్యానూ పనిచేస్తున్నాయిగా, భయం లేదు. ఏం కావాలన్నా అక్కణ్ణించే చెప్పండి, నాకు వినపడుతూనే ఉంటుంది.”

టీచరమ్మ ఒక మూలకీ, నర్సమ్మ ఇంకో మూలకీ జరిగారు. ఆ లిఫ్టులో మూల నుంచి మూలకి రెండడుగులే. ఇద్దరినీ ఒకే రోజు, ఒకే టైముకి భోజనానికి పిలిచినందుకు ఐదో అంతస్తులో ఉన్న పిల్లల్ని ఎవరికి వారు మనసులోనే తిట్టుకున్నారు.

కాసేపటికి టీచరమ్మ సంచీలోంచి వారపత్రిక తీసింది. ‘ఈ పదేళ్ళలో మేటి పది సీరియళ్ళు’ అన్న పేజీ తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, గోడతో చెబుతున్నట్టు అంది.

“‘మలుపు దగ్గర ఇల్లు’కి మొదటి స్థానం ఇచ్చారు. ఇన్నాళ్ళకి ఎవరికో బుద్ధి పుట్టింది.”

నర్సమ్మ పెదవులు బిగించుకుంది. ఎంతసేపని బిగించుకుంటుంది.

“దానికి మొదటి స్థానమా?” అంది, ఆవిడా ఎదురు గోడతోనే. “అందులో పెద్దకోడలు మూడుసార్లు చచ్చి బతికింది.”

“రెండుసార్లే. మూడోసారి చచ్చింది కవల చెల్లెలు.”

“ఎవరైతేనేం. కోమాలో ఉన్న మనిషి పెదాలకి రంగెవరు వేశారట? ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో చేశాను. అలాంటి పేషంటు నాకొక్కరూ తగల్లేదు.”

టీచరమ్మ పత్రిక కొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

“కథ చూడాలి గానీ పెదాలు చూస్తారా ఎవరైనా. ‘మేడమీద అద్దెవాళ్ళు’ ఏడో స్థానంలో ఉంది. కొందరికి అలాంటివే నచ్చుతాయి మరి.”

“ఏడా?” నర్సమ్మ గోడని వదిలేసి గిర్రున తిరిగింది. “ఏదీ, ఇలా ఇవ్వండి వదినగారూ.”

ఆ పిలుపు నోట్లోంచి ఎలా జారిందో ఆవిడకే తెలియలేదు. టీచరమ్మ పత్రిక ఇచ్చేసింది.

ఇక అక్కణ్ణించి ఆ పేజీని ఇద్దరూ చీల్చి చెండాడారు. నిలబడి కాళ్ళు పీకడంతో కింద చతికిలబడ్డారు. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసింది. కథకి ఇన్ని మార్కులు, నటనకి ఇన్ని, సాగదీసినందుకు కోత ఇంత అని అంచున గీతలు గీసింది.

“సాగదీతంటారా, మీ మలుపు ఇంట్లో వీధి తలుపు తెరవడానికి వారం పట్టింది.”

“నాలుగు రోజులే.”

“మా ఆయన ఊరెళ్ళి పెళ్ళి చూసుకుని వచ్చాడు వదినగారూ. ఆ తలుపు ఇంకా తెరుచుకుంటూనే ఉంది.”

టీచరమ్మ న్యాయంగల మనిషి. నిట్టూర్చి పది మార్కులు కొట్టేసింది.

“ఇంకో పది నిమిషాలమ్మా,” అన్నాడు వాచ్‌మన్ స్పీకర్లో.

“నువ్వుండవయ్యా, మాకేం తొందర లేదు,” అంది టీచరమ్మ. మళ్ళీ ఇటు తిరిగింది. “మీ అద్దెవాళ్ళని మూడో స్థానానికి తెస్తాను. అంతకంటే పైకి నా వల్ల కాదు.”

“డాబా సీను చూసే ఈ మాట అంటున్నారా?” నర్సమ్మ ఊరుకోలేదు. “ఇంటాయన డాబా ఎక్కుతాడు, నిచ్చెన అద్దెవాళ్ళ వరండాలో పడిపోతుంది. వాళ్ళకీ ఈయనకీ మాటల్లేవు. పిలవడానికి అభిమానం అడ్డొచ్చి, రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతాడు.”

లేచి నిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గొంతు బొంగురు చేసింది. “వార్తలు. డాబా మీద ఒక పెద్దమనిషి చిక్కుకున్నట్టు ఇప్పుడే అందిన సమాచారం.”

టీచరమ్మ కూర్చున్న చోటు నుంచే సీరియల్లో అద్దెకున్నాయన ముక్కు గొంతుతో అందుకుంది. “నిచ్చెన కోసం గాలింపు ముమ్మరం. పెద్దమనిషి ‘దయచేసి’ అన్న మరుక్షణం అది దొరికే అవకాశం.”

నర్సమ్మ తెల్లబోయి చూసింది. “మీరూ చూశారా?”

“ఒక్కరోజు కూడా వదల్లేదు. తలుపేసుకుని చూశాను. మావాడికి మాత్రం చెప్పకండి.”

అంతే, ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. ఒకరు ఆపితే ఇంకొకరు “దయచేసి” అంటారు, మళ్ళీ మొదలు. కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు. నర్సమ్మ కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, అదే కొంగు వియ్యపురాలికి అందించింది. టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, అద్దెవాళ్ళ పక్కనున్న ఏడు కొట్టేసి, ఎర్ర పెన్నుతో పెద్దగా ఒకటి వేసింది. నర్సమ్మ పెన్ను లాక్కుని, మలుపు దగ్గర ఇంటికి తనే రెండు వేసింది.

లిఫ్టు చిన్న కుదుపుతో పైకి కదిలింది.

“మెకానిక్ వచ్చినట్టున్నాడు,” అంది టీచరమ్మ స్పీకరు దగ్గరికి వంగి. “వాచ్‌మన్ బాబూ, ఆ అబ్బాయికి మేం థాంక్స్ చెప్పామని చెప్పు. ఇంతకీ ఏం పాడైందిట?”

“ఏదీ పాడవలేదమ్మా. మీరిద్దరూ కలిసి నవ్వింది వినబడేదాకా స్విచ్ వెయ్యొద్దని మీ అబ్బాయీ కోడలూ పొద్దున్నే చెప్పి పెట్టారు.”