దానంతటదే తిరిగే మోటారు

"మళ్లీ ఆన్ అయింది" అంది తెరేసమ్మ, పళ్లెంలో పప్పు వడ్డిస్తూ.

పెరట్లో బావి పక్కనున్న మోటారు గుయ్యిమంటోంది. ఇంట్లో ఏ కుళాయీ తిప్పి లేదు. కాసేపటికి అదే టక్కుమని ఆగిపోయింది. బాలశౌరి అన్నం కలుపుకుంటున్నాడే గానీ తల ఎత్తలేదు.

"స్విచ్ పోయుంటుంది" అన్నాడు.

"నెల రోజుల్నుంచీ అదే మాట అంటున్నారు. కరిముల్లాని పిలవనా?"

"నేను చూస్తాన్లే."

మేడమీద ట్యాంకు బీటలిచ్చాక ప్రెషర్ పంపు పెట్టించారు. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, స్విచ్ మోటారుని ఆన్ చేస్తుంది. కట్టేస్తే ఒత్తిడి పెరిగి ఆపేస్తుంది. రెండేళ్లపాటు ఏ పేచీ రాలేదు.

"పక్కింటి క్రిస్టినా ఈ మధ్య నీళ్ల ట్యాంకరు దగ్గర కనిపించడం లేదండీ" అంది తెరేసమ్మ, మజ్జిగ పోస్తూ.

"వాళ్ల సంగతి మనకెందుకు?"

ఆమె మజ్జిగ గిన్నె తీసి లోపల పెట్టింది.

పక్కిల్లు బాలశౌరి తమ్ముడు జాన్ పాల్‌ది. క్రిస్టినా అతని భార్య. తల్లి సమాధి మట్టి ఆరకముందే అన్నదమ్ములు స్థలం పంపకాల దగ్గర మాటామాటా అనుకున్నారు. తన గడప దాటి వాడికి చుక్క నీళ్లు కూడా పోవని బాలశౌరి చుట్టాలందరి ముందూ అన్నాడు. అప్పట్నుంచీ రెండిళ్ల మధ్య గోడే మిగిలింది. ఈ వేసవిలో జాన్ పాల్ బావి ఎండిపోయింది. పైగా స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. క్రిస్టినా చంటిపిల్లని చంకనేసుకుని ట్యాంకరు దగ్గర బిందె పట్టుకు నిలబడుతుంటే తెరేసమ్మ మేడమీంచి చూసేది. పిలవాలని నోటి దాకా వచ్చేది. భర్త మాట గుర్తొచ్చి దిగిపోయేది.

ఆదివారం గుడి నుంచి వచ్చాక బాలశౌరి బజారుకి వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే మోటారు టకటకా కొట్టుకుంటూ ఆగి, తిరిగి, ఆగి, తిరగడం మొదలెట్టింది. వైరు కాలిన వాసన వచ్చింది. తెరేసమ్మ మెయిన్ ఆపేసి, సెంటర్లో మోటార్లు బాగుచేసే కరిముల్లాకి ఫోన్ చేసింది.

బాలశౌరి సంచీతో తిరిగొచ్చేసరికి కరిముల్లా స్విచ్ మూత విప్పుతున్నాడు.

"నిన్నెవరు పిలిచారయ్యా?"

"అమ్మగారు పిలిచారు సార్. చూడండి, పాయింట్లు ఎలా మాడిపోయాయో."

"స్విచ్చే కదా. మార్చేసి వెళ్లిపో. ఇంకేం చూడక్కర్లేదు."

కరిముల్లా కొత్త స్విచ్ బిగించి మెయిన్ వేశాడు. మోటారు తిరిగి ఆగింది. అతను వెళ్లకుండా ప్రెషర్ మీటరు దగ్గరే కూర్చున్నాడు. ముల్లు మెల్లగా కిందికి జారుతోంది.

"కుళాయిలన్నీ కట్టే ఉన్నాయా అమ్మా?"

"అన్నీ కట్టే ఉన్నాయి."

అతను పంపు దగ్గర వాల్వ్ మూశాడు. ముల్లు కదల్లేదు. తెరిచాడు. మళ్లీ జారింది.

"పంపులో తేడా లేదు. లైన్లోనే ఎక్కడో నీళ్లు పోతున్నాయి. మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవడం వల్లే పాత స్విచ్ కాలింది."

"పోతే పోనీ. ఈ ఎండలో ఏం తవ్వుతావు?"

"వదిలేస్తే ఇదీ కాలుతుంది సార్."

కరిముల్లా పైపు వెంబడే స్నానాలగది వెనక్కి వెళ్లాడు. పక్కింటి గోడ వార మట్టి తడిగా ఉంది. పారతో నాలుగు వేట్లు వేసేసరికి సన్నటి ప్లాస్టిక్ పైపు బయటపడింది. లైను నుంచి చీలి గోడ కిందుగా అవతలికి పోయింది. చీలిన చోట నీళ్లు ఊరుతున్నాయి.

అంతలో మోటారు గుయ్యిమంది. గోడకి అవతల బకెట్ నిండుతున్న చప్పుడు, చంటిపిల్ల కేరింతలు.

తెరేసమ్మ పార వైపు, భర్త వైపు చూసింది. మరిది దొంగతనంగా ఎంత పని చేశాడు. ఇప్పుడీయన పార పట్టుకుని గోడ దూకుతాడు. కాలు విరిగినవాడు లేవనైనా లేవలేడు.

"నేనే వేయించానండీ" అంది.

బాలశౌరి ఆమె వంక చూశాడు. కరిముల్లా ఇద్దర్నీ చూసి గొంతు సవరించుకున్నాడు.

"కోసేసి మూత బిగించమంటారా సార్?"

అవతల బకెట్ నిండింది. కుళాయి కట్టేశారు.

"వద్దు" అన్నాడు బాలశౌరి. "ఆ అతుకు కారకుండా చూడు. కుళాయి తిప్పినప్పుడు మోటారు తిరిగితే తిరగనీ."

సాయంత్రం ఆయన వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. తెరేసమ్మ టీ గ్లాసు అందించి, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"కోపం రాలేదా?"

"ఎప్పుడు వేయించావు?"

"మీరు ఇంట్లో లేనప్పుడు."

"ఎవరితో?"

తెరేసమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను కాదండీ. మీ తమ్ముడే చేసుకుని ఉంటాడు. నీళ్లకి గతిలేక చేశాడు. గొడవ పెట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను. చంటిపిల్ల ఉన్న ఇల్లు."

బాలశౌరి టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. గోడ వైపు చూశాడు.

"పైపు వేసింది నేనే, తెరేసా."